కాగితాలు లేనివాళ్ల పిల్లలకు పౌరసత్వం: అమెరికా యూనియన్లు ఎటువైపు?

మీరు అడిగింది ఇది: అమెరికాలో కాగితాలు లేకుండా ఉంటున్నవాళ్లకు పుట్టిన పిల్లలకు పౌరసత్వం ఉండాలా వద్దా అన్న గొడవలో అక్కడి కార్మిక సంఘాలు ఎటువైపు ఉన్నాయి? బయటివాళ్లు ఎక్కువైతే జీతాలు పడిపోతాయని అందరికంటే ముందు భయపడాల్సింది సంఘాలే కదా, మరి ఆ పిల్లల తరఫున ఎందుకు మాట్లాడుతున్నాయి? హెచ్-1బి వర్క్ వీసా మీద డల్లాస్‌లో ఉన్న మీ తమ్ముడికి ఈ గొడవతో సంబంధం ఉందా?

నేను కాలిఫోర్నియాలో ఆస్పత్రి కార్మికుల యూనియన్‌లో మొదట స్టీవార్డ్‌గా (పనిచోట యూనియన్ ప్రతినిధిగా), తర్వాత ఆర్గనైజర్‌గా ఏళ్ల తరబడి పనిచేశాను. వంటగది, లాండ్రీ, ఫ్లోర్లు తుడిచే విభాగాలు, వీటిలో ఉన్నవాళ్లతోనే నా పని. చదివి తెలుసుకున్నదీ, కళ్లారా చూసిందీ రెండూ కలిపి చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

ముందు చిన్న జవాబు. ఇవాళ అమెరికాలో ప్రధాన సంఘాల మొగ్గు ఆ పిల్లల పౌరసత్వం అలాగే ఉంచాలన్న వైపే ఉంది. కానీ అది మొదటి నుంచీ ఉన్న వైఖరి కాదు. వందేళ్ల క్రితం ఇదే ఉద్యమంలో ఒక బలమైన వర్గం, వలస కార్మికుల పిల్లల పౌరసత్వాన్ని రాజ్యాంగం మార్చి మరీ తీసేయమని అడిగింది. అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చారో తెలిస్తే తప్ప మీ రెండో ప్రశ్నకు జవాబు దొరకదు.

చట్టం సంగతి క్లుప్తంగా. బానిసగా ఉన్న నల్లజాతివాళ్లూ, వాళ్ల వారసులూ పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంతర్యుద్ధం అయ్యాక ఆ తీర్పును తుడిచేయడానికే 1868లో రాజ్యాంగానికి 14వ సవరణ వచ్చింది. అమెరికా గడ్డ మీద పుట్టి, ఆ దేశ చట్టాల పరిధిలో ఉన్న ప్రతి ఒక్కరూ పౌరులే అని అది చెప్తుంది. ఆ మాట చైనావాళ్ల పిల్లలకు కూడా వర్తిస్తుందా అన్న పేచీ 1898లో తేలింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కాదంటూ ఓడ దిగనివ్వలేదు. ఆయన కోర్టుకెళ్లాడు, 6-2 తేడాతో గెలిచాడు. ఇవాళ్టికీ అందరూ ఎత్తి చూపే తీర్పు అదే.

ఇక 2025 జనవరి 20న, పదవిలోకి వచ్చిన రోజే, ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. తల్లి అక్రమంగా దేశంలో ఉండి, తండ్రి పౌరుడు గానీ గ్రీన్‌కార్డ్ ఉన్నవాడు గానీ కాకపోతే ఆ బిడ్డకు పౌరసత్వం ఇవ్వకూడదని అందులో ఉంది. మనవాళ్లలో చాలామంది అక్కడితో చదవడం ఆపేశారు. దాని కిందే రెండో క్లాజు ఉంది: తల్లి సక్రమంగానే ఉన్నా స్టూడెంట్ వీసా, వర్క్ వీసా, టూరిస్ట్ వీసా లాంటి తాత్కాలిక హోదాలో ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారో కాకపోతే ఆ బిడ్డకూ లేదు. అంటే హెచ్-1బి, హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్యాభర్తల వీసా), ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్న మన జంటలన్నీ అందులోకి వస్తాయి. ఉత్తర్వు వచ్చిన 30 రోజుల తర్వాత పుట్టే పిల్లలకే వర్తిస్తుందని రాయడంతో, ఫిబ్రవరి 20 లోపల సిజేరియన్ చేసేయమని భారతీయ దంపతులు డాక్టర్లను బతిమాలుకుంటున్నారని ఆ రోజుల్లో పేపర్లలో వచ్చింది. మీ తమ్ముడికి సంబంధం ఉందా అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. ఉంది, సూటిగా ఉంది.

కోర్టులు దాన్ని అమల్లోకి రానివ్వలేదు. సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి మూడు రోజుల్లోనే ఆపేశారు. 2025 జూన్‌లో, దేశమంతటికీ వర్తించేలా ఇలాంటి స్టేలు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు కింది కోర్టులను కట్టడి చేసింది. జులైలో న్యూ హాంప్‌షైర్ కోర్టు, ఇలాంటి పిల్లలందరినీ ఒకే వర్గంగా తీసుకుని మళ్లీ ఆపింది. డిసెంబరులో సుప్రీంకోర్టు అసలు విషయాన్నే విచారణకు స్వీకరించింది.

ఇప్పుడు సంఘాల దగ్గరికి వద్దాం. ఈ చరిత్రలో మొదటి భాగం చెప్పుకోవడానికి బాధగా ఉంటుంది, అయినా దాచిపెట్టకూడదు. 1870ల చివర్లో కాలిఫోర్నియాలో వర్కింగ్‌మెన్స్ పార్టీ నినాదం “చైనావాళ్లు పోవాలి” అన్నదే. దాన్ని నడిపిన డెనిస్ కియర్నీ ఐర్లండ్ నుంచి వచ్చినవాడు. 1882లో చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టం వచ్చింది, సంఘాలు దాన్ని విజయంగా చెప్పుకున్నాయి. 1885లో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్ బొగ్గు గనుల దగ్గర తెల్ల కార్మికులు 28 మంది చైనా కార్మికులను చంపేశారు. 1886లో ఏఎఫ్‌ఎల్ అనే యూనియన్ల సమాఖ్యను నిలబెట్టిన శామ్యూల్ గాంపర్స్ తానే లండన్‌లో పుట్టి 13 ఏళ్ల వయసులో న్యూయార్క్ చేరిన చుట్టల కార్మికుడు. ఆయన కూడా ఆసియావాళ్లను రానివ్వొద్దని జీవితాంతం వాదించాడు. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో రంపపు మిల్లుల్లో పనిచేసే పంజాబీలను మూకలు కొట్టి ఊరి నుంచి తరిమేశాయి. ఆ పగను ఏళ్ల తరబడి రాజేసింది ఆసియావాసుల బహిష్కరణ లీగ్. దాన్ని రెండేళ్ల ముందు శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టింది యూనియన్ల నాయకులే.

వేరే దారి కనపడలేదా అంటే, కనపడింది. 1903లో కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో చక్కెర బీట్ పొలాల్లో జపనీయులు, మెక్సికన్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. సమ్మె చేశారు, గెలిచారు. గెలిచాక సమాఖ్యలో చేరతామని గాంపర్స్‌కు రాశారు. మెక్సికన్లకైతే గుర్తింపు ఇస్తాను, చైనావాళ్లనీ జపాన్‌వాళ్లనీ మాత్రం చేర్చుకోకూడదని ఆయన షరతు పెట్టాడు. సంఘం కార్యదర్శి లిసారాస్ మెక్సికన్. మాతో పాటు పస్తులుండి కొట్లాడినవాళ్లను వదిలేసి మేం రాము అని ఆ గుర్తింపును తిప్పి పంపేశాడు. ఆ సంఘం ఎక్కువ కాలం నిలబడలేదు. అయినా ఆ ఉత్తరం గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది.

పిల్లల పౌరసత్వం మీద సూటిగా దెబ్బ పడింది 1920లో. దాని వెనక భూమి ఉంది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లో చట్టం చేసింది. ఆ కాలపు చట్టాల ప్రకారం జపాన్ నుంచి వచ్చినవాళ్లు ఎన్నేళ్లున్నా పౌరులు కాలేరు. కానీ ఇక్కడ పుట్టిన వాళ్ల పిల్లలు, వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు పుణ్యమా అని, పౌరులు. దాంతో తండ్రులు పసిపిల్లల పేరిట పొలాలు కొనడం మొదలుపెట్టారు. అది చూసి ఓర్వలేనివాళ్లు 1920లో జపనీయుల బహిష్కరణ లీగ్ అని పెట్టి, తల్లిదండ్రులిద్దరూ పౌరసత్వానికి అర్హులైన జాతివాళ్లైతేనే బిడ్డకు పౌరసత్వం వచ్చేలా రాజ్యాంగం మార్చమని డిమాండ్ చేశారు. ఆ లీగ్‌లో మాజీ సైనికుల సంఘాలతో పాటు కాలిఫోర్నియా రాష్ట్ర కార్మిక సమాఖ్య కూడా ఉంది. ఇవాళ ఉత్తర్వులో ఉన్న వాదన, తల్లిదండ్రుల హోదాను బట్టే బిడ్డ హోదా అన్నది, అప్పుడు కార్మిక సంఘాల నోటి నుంచే వచ్చింది. ఆ సవరణ రాలేదు. రాకపోవడం వల్ల ఏం జరిగిందో హవాయిలో తెలిసింది. ఈ మొత్తం విషయంలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించేది హవాయి కథే, అందుకే కాస్త నెమ్మదిగా చెప్తాను.

హవాయిలో చెరకు తోటల యజమానులు ఒక జాతి కూలీలు గట్టిగా మాట్లాడితే ఇంకో జాతి కూలీలను ఓడల్లో దించేవాళ్లు. చైనావాళ్లు, పోర్చుగీసువాళ్లు, జపనీయులు, కొరియన్లు, ఫిలిప్పీనోలు వరసగా వచ్చారు. ఒక్కో జాతికి ఒక్కో క్యాంపు, ఒకే పనికి వేర్వేరు కూలి. 1909లో జపనీయులు ఒంటరిగా సమ్మె చేసి ఓడిపోయారు. 1920లో ఓహు దీవిలో జపనీయులు, ఫిలిప్పీనోలు ఇద్దరూ సమ్మెకు దిగారు. తోట ఇళ్లల్లోంచి 12,000 మందికి పైగా ఆడామగా పిల్లల్ని బయటికి నెట్టేశారు. ఆ ఏడాది ఇన్‌ఫ్లూయెంజా కూడా ఉంది. పార్కుల్లో, గుళ్లల్లో తలదాచుకున్న కుటుంబాల్లో కొందరు చనిపోయారు. సమ్మె ఓడింది. వాళ్లకు ఓటు లేదు. చట్టసభలో వాళ్ల మాట వినాల్సిన అవసరం ఎవరికీ లేదు.

కానీ ఆ క్యాంపుల్లో పిల్లలు పుట్టారు. హవాయి అప్పటికే అమెరికా భూభాగం, కాబట్టి ఆ పిల్లలు పుట్టుకతో పౌరులు. ఇంట్లో ఒకడు జపనీస్, ఇంకొకడు ఫిలిప్పీన్స్ భాష ఇలోకానో మాట్లాడినా, బడిలో, తోటలో అందరూ కలిసి పిడ్జిన్ అనే కలగలుపు భాషలో మాట్లాడుకున్నారు. పాతికేళ్లు గడిచేసరికి వాళ్లు పెద్దవాళ్లయ్యారు, ఓటు వచ్చింది. ఓడరేవు కార్మికుల యూనియన్ ఐఎల్‌డబ్ల్యూయూ 1944 నుంచి తోటల్లో జాతి తేడా లేకుండా అందరినీ చేర్చుకుంది, వాళ్ల ఓట్లను కూడగట్టింది. 1945లో హవాయి చట్టసభ వ్యవసాయ కూలీలకు కూడా యూనియన్ పెట్టుకునే హక్కు ఇచ్చింది. ఫెడరల్ చట్టంలో మాత్రం పొలం పనివాళ్లకు ఆ హక్కు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. 1946 సెప్టెంబరులో 26,000 మంది చెరకు కార్మికులు సమ్మెకు దిగారు. 34 తోటల్లో 33 ఆగిపోయాయి. సమ్మె వస్తుందని ముందే ఊహించి యజమానులు ఆ ఏడాది ఫిలిప్పీన్స్ నుంచి వేల మందిని తెప్పిస్తే, యూనియన్ వాళ్లను ఓడల మీదే సభ్యులుగా రాయించుకుంది. 79 రోజులు నిలబడి గెలిచారు. ఆ గెలిచినవాళ్లలో చాలామంది తండ్రులకు మాత్రం 1952 దాకా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా లేదు.

1920లో ఓడినవాళ్లకూ 1946లో గెలిచినవాళ్లకూ మధ్య మారినవి చాలా ఉన్నాయి, చట్టాలూ యుద్ధమూ నాయకత్వమూ. కానీ అన్నిటికీ అడుగున ఉన్నది పిల్లల పౌరసత్వం. తండ్రిని దేశం నుంచి పంపేస్తానని బెదిరించొచ్చు, కొడుకును బెదిరించలేరు. యూనియన్లు ఆ పిల్లల వైపు ఎందుకు ఉండాలి అంటే నేను చెప్పే కారణం ఇదే. ఇందులో జాలి ప్రసక్తి కూడా అక్కర్లేదు, ఇది బేరమాడే బలానికి సంబంధించిన లెక్క.

అమెరికా ప్రధాన భూభాగంలో ఈ లెక్క అర్థం కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1970ల్లో సీజర్ చావెజ్ నడిపిన వ్యవసాయ కార్మికుల యూనియన్ కూడా, సమ్మెలను విరగ్గొట్టడానికి యజమానులు కాగితాలు లేనివాళ్లను తెస్తున్నారని వాళ్లను పట్టించే ప్రచారం చేసింది. 1986లో కాగితాలు లేని దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధ హోదా ఇచ్చిన చట్టమే, అలాంటివాళ్లను పనిలో పెట్టుకున్న యజమానికి జరిమానా కూడా పెట్టింది. ఆ జరిమానా క్లాజు కావాలని, ఏఎఫ్‌ఎల్ వారసురాలైన యూనియన్ల పెద్ద సమాఖ్య ఏఎఫ్‌ఎల్-సీఐఓ గట్టిగా పట్టుబట్టింది. యజమానిని శిక్షిస్తే అక్రమ కూలీలను పెట్టుకోవడం మానేస్తాడని వాళ్ల ఆలోచన.

జరిగింది వేరు. యజమానులు కాగితాలు లేనివాళ్లను పెట్టుకోవడం మానలేదు. వాళ్లు నోరెత్తినప్పుడు మాత్రం కాగితాలు అడగడం మొదలుపెట్టారు. 1999లో మినియాపోలిస్‌లో ఒక హోటల్ పనివాళ్లు యూనియన్‌కు ఓటేశారు. బేరసారాలు మొదలవుతున్న సమయంలో యాజమాన్యం ఇమిగ్రేషన్ వాళ్లను పిలిచింది, ఎనిమిది మందిని అరెస్టు చేశారు. ఇలాంటివి దేశమంతా జరిగాయి. హోటళ్లు, ఆఫీసులు శుభ్రం చేసేవాళ్లు, బట్టల కుట్టుపని, మాంసం ఫ్యాక్టరీలు, ఇలా యూనియన్లు కొత్తగా పెరుగుతున్న ప్రతి రంగంలోనూ వలసవాళ్లే ఉన్నారు. 1990లో లాస్ ఏంజిలిస్‌లో జానిటర్ల సమ్మె గెలిచింది వాళ్ల వల్లే. 2000 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్‌లో ఏఎఫ్‌ఎల్-సీఐఓ కార్యవర్గం కూర్చుని తమ పాత వైఖరిని తిరగరాసింది. 1986 నాటి జరిమానా విధానం రద్దు చేయాలని, కాగితాలు లేనివాళ్లకు క్షమాభిక్ష ఇచ్చి హోదా ఇవ్వాలని తీర్మానించింది. అప్పటి అధ్యక్షుడు జాన్ స్వీనీ ఐరిష్ వలస కుటుంబం బిడ్డ.

రెండేళ్లు తిరిగేసరికి, 2002 మార్చిలో, ఆ తీర్మానం ఎందుకు సరైందో సుప్రీంకోర్టే చూపించింది. కాలిఫోర్నియాలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ కార్మికుణ్ణి యూనియన్ పెట్టబోతున్నందుకు తీసేశారు. తీసేయడం చట్టవిరుద్ధమని కార్మిక బోర్డు తేల్చి, 66,951 డాలర్లు బకాయి జీతం ఇమ్మంది. అతనికి కాగితాలు లేవు కాబట్టి ఒక్క డాలర్ కూడా ఇవ్వక్కర్లేదని 5-4తో తీర్పు వచ్చింది. యూనియన్ పెట్టినందుకు పౌరుణ్ణి తీసేస్తే ఖర్చవుతుంది, కాగితాలు లేనివాణ్ణి తీసేస్తే ఖర్చు లేదు. అలాంటప్పుడు యజమాని ఎవర్ని పెట్టుకోవడానికి ఇష్టపడతాడు? తగ్గేది ఎవరి జీతం? పక్కనే పనిచేస్తున్న పౌరుడిది కూడా.

మీ రెండో ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. జీతం పడగొట్టేది మనిషి రాక కంటే ఆ మనిషికి హక్కు లేకపోవడం. అమెరికా జాతీయ అకాడమీలు 2016లో వేసిన పెద్ద నివేదిక కూడా, దీర్ఘకాలంలో మొత్తం జీతాల మీద వలసల ప్రభావం చాలా తక్కువని తేల్చింది. తగ్గుదల కనిపించే చోట అది ముందుగా వచ్చిన వలసవాళ్ల మీద, హైస్కూల్ పూర్తి చేయనివాళ్ల మీద పడుతోందని చెప్పింది. ఆ నష్టం పడేవాళ్లకు అది చిన్నది కాదు, నేను దాన్ని కొట్టిపారేయను. కానీ వాళ్ల పక్కన నిలబడే తర్వాతి తరానికి కూడా హక్కులు లేకుండా చేస్తే ఆ నష్టం పెరుగుతుంది తప్ప తగ్గదు. ఆ ఉత్తర్వు అమలైతే ఏటా సగటున 2,55,000 మంది పిల్లలు పౌరసత్వం లేకుండా జీవితం మొదలుపెడతారనీ, 2045 నాటికి కాగితాలు లేనివాళ్ల సంఖ్య ఇప్పుడు అనుకుంటున్న దానికంటే 27 లక్షలు ఎక్కువ అవుతుందనీ మైగ్రేషన్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్కగట్టింది. వాళ్లెవరూ సరిహద్దు దాటి వచ్చినవాళ్లు కారు, అక్కడే ఆస్పత్రుల్లో పుట్టినవాళ్లు.

నేను చూసిన ఒక సంగతి చెప్తాను. మా ఆస్పత్రికి దుప్పట్లు, గౌన్లు ఉతికే పని ఒక కాంట్రాక్టర్ చేసేవాడు. షిఫ్ట్ మొదలవ్వడానికి ముందే వచ్చి బండ్లు సర్దాలి, ఆ సమయానికి జీతం లేదు. అందరికీ తెలుసు, ఎవరూ అనేవాళ్లు కాదు. అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒకావిడ తన పే స్లిప్పులన్నీ పాత బ్రెడ్ కవర్లో మడిచి దాచుకుంది. వచ్చిన టైము ప్రతి స్లిప్పు వెనక పెన్సిల్‌తో రాసుకుంది. సంతకం పెట్టమంటే మాత్రం చెయ్యి రాలేదు, కాగితాలు లేవు. ఆవిడ కూతురు అదే ఊళ్లో పుట్టింది, కాలేజీ చదువుతూ శని ఆదివారాలు అదే లాండ్రీలో పనిచేసేది. మీటింగులో మేనేజర్ “ఇది ఎవరు పెట్టిన కంప్లయింట్?” అని అడిగాడు. గదిలో అందరూ నేల చూపులు చూస్తుంటే ఆ పిల్ల “నేనండీ” అని లేచి, వాళ్లమ్మ కవర్లోంచి స్లిప్పులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చింది. చేసిన పనికి జీతం అడిగే హక్కు చట్టం ప్రకారం ఆ తల్లికీ ఉంది. ఉండి ఏం లాభం, అడిగితే ఏమవుతుందో అన్న భయం ఉన్నప్పుడు? ఆ భయం కూతురికి లేదు. బకాయి అందరికీ వచ్చింది, అక్కడ పనిచేసే పౌరులతో సహా. ఆ పిల్లకు కూడా కాగితాలు లేకపోయి ఉంటే ఆ కవర్ ఇంట్లోనే ఉండేది.

ఇక్కడ ఒక అపోహ గురించి కూడా చెప్పాలి, మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పిల్లల్ని కంటే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డ్ వచ్చేస్తుంది, అందుకే కంటున్నారు అని. బిడ్డకు 21 ఏళ్లు నిండితే గానీ తల్లిదండ్రుల కోసం పిటిషన్ వేయలేరు. సరిహద్దు దొంగచాటుగా దాటి వచ్చిన తల్లిదండ్రులైతే చాలావరకు దేశం వదిలి వెళ్లి దరఖాస్తు పెట్టుకోవాలి. ఏడాదికి మించి అక్రమంగా ఉన్నవాళ్లు అలా వెళ్తే 1996 చట్టం ప్రకారం 10 ఏళ్లు తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. ఈ లెక్క తెలిసి ఎవరూ దాని కోసం పిల్లల్ని కనరు.

సంఘాలన్నీ ఒక్క మాట మీద ఉన్నాయా అంటే లేవు. సరిహద్దు గస్తీ ఉద్యోగుల యూనియన్ కూడా ఏఎఫ్‌ఎల్-సీఐఓ గొడుగు కిందిదే. అది 2016లోనే ట్రంప్‌కు మద్దతు ప్రకటించింది. లారీ డ్రైవర్ల యూనియన్ టీమ్‌స్టర్స్ అధ్యక్షుడు 2024లో రిపబ్లికన్ మహాసభలో వేదికెక్కి మాట్లాడారు. సభ్యుల్లో సగానికి దగ్గరగా అటువైపు ఓటేసే యూనియన్లు ఉన్నాయి. భవన నిర్మాణ సంఘాలైతే చాలాకాలం ఈ విషయం ఎత్తడానికే ఇష్టపడలేదు. అలాంటి చోట కూడా 2025లో ఒక కదలిక వచ్చింది. మేరీల్యాండ్‌లో షీట్ మెటల్ యూనియన్‌లో అప్రెంటిస్‌గా ఉన్న కిల్మార్ అబ్రెగో గార్సియాను, ఎల్ సాల్వడార్‌కు పంపొద్దని ఇమిగ్రేషన్ జడ్జి ఆదేశం ఉండగానే, మార్చిలో అక్కడి జైలుకు పంపేశారు. భార్య అమెరికా పౌరురాలు, చిన్న కొడుకు అమెరికాలోనే పుట్టిన పౌరుడు. భవన నిర్మాణ సంఘాల సమాఖ్య అధ్యక్షుడు షాన్ మెక్‌గార్వీ తమ మహాసభలో “మా యూనియన్ తమ్ముణ్ణి వెనక్కి తెండి” అని అడిగితే హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. వలస విధానం మీద వాళ్లలో వాళ్లకు పడకపోవచ్చు. సభ్యత్వ కార్డు ఉన్నవాణ్ణి ఎత్తుకుపోతే ఊరుకోరు.

నాకు సంఘాల మీద ఒక ఫిర్యాదు ఉంది. పిల్లల పౌరసత్వం గురించి మాట్లాడినప్పుడల్లా కుటుంబాలు విడిపోతాయని, అమెరికా విలువలని మాట్లాడతారు. అది నిజమే, కానీ ఆ మాట చర్చి వాళ్లు చెప్పినా సరిపోతుంది. యూనియన్ చెప్పాల్సింది లాండ్రీ గదిలో ఏం జరుగుతుందో. ఓహైయోలో ఫ్యాక్టరీ పోగొట్టుకున్న సభ్యుడికి, ఈ 14వ సవరణ తన జీతాన్ని కూడా కాపాడుతోందని ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు. చెప్పకపోతే ఆ ఖాళీలోకి 1920 నాటి మాటలే మళ్లీ వచ్చి కూర్చుంటాయి, కూర్చుంటున్నాయి.

పౌరసత్వం తీసేసిన దేశం ఎలా ఉంటుందో ఊహించుకోనక్కర్లేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో చెరకు నరకడానికి హైతీ నుంచి కూలీలను తరతరాలుగా తెచ్చారు. 2013 సెప్టెంబరులో అక్కడి రాజ్యాంగ కోర్టు, 1929 నుంచి అక్రమ వలసదారులకు పుట్టిన పిల్లలెవరూ పౌరులు కారని వెనక్కి వెళ్లి మరీ తీర్పిచ్చింది. హైతీ ఎప్పుడూ చూడని మనుమలు కూడా ఒక్కరోజులో ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. మరుసటి ఏడాది చట్టంతో కొందరికి ఊరట ఇచ్చినా, ఐడీ కార్డు లేక బ్యాంకు ఖాతా, కాలేజీ, సక్రమమైన ఉద్యోగం దొరకని యువత చెరకు తోటల పక్కనున్న బస్తీల్లో ఇంకా ఉంది. తాత చేసిన పనే మనవడు చేస్తున్నాడు, అదే షరతుల మీద.

మన దేశంలోనే లేదు కదా, వాళ్లకెందుకు అని మీరు అడగొచ్చు. నిజమే, మన 1955 చట్టం మొదట అందరికీ ఇచ్చింది, 1987 జులై నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలంది, 2004 డిసెంబరు నుంచి ఒకరు అక్రమ వలసదారైనా బిడ్డకు ఇవ్వనంది. ఏ దేశం ఏ పద్ధతి పెట్టుకోవాలన్నది పెద్ద చర్చ. నేను మాట్లాడుతున్నది కోటి మందికి పైగా కాగితాలు లేనివాళ్లను పనిలో పెట్టుకుని బతుకుతున్న ఒక దేశం గురించి. అక్కడ ఆ నియమం తీసేస్తే ఆ కోటి మంది ఎక్కడికీ పోరు. పిల్లలకు కూడా అదే హోదా వస్తుంది, అంతే.

చివరగా మీ తమ్ముడి సంగతి. హెచ్-1బి విషయంలో అమెరికా సంఘాలు మొదటి నుంచీ విమర్శగానే ఉన్నాయి, మనవాళ్లకు అందుకే వాటి మీద కోపం. వాళ్ల విమర్శ ఏమిటో చూడండి: వీసా యజమాని చేతిలో ఉంటుంది, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, అందుకే ఎంత తక్కువ ఇచ్చినా, ఎన్ని గంటలు చేయించినా మాట్లాడలేరు. బెంచ్ మీద జీతం ఆపేసిన కన్సల్టెన్సీల గురించి మీరూ వినే ఉంటారు. లాండ్రీలో ఆ తల్లికి ఉన్నదీ, మీ తమ్ముడికి ఉన్నదీ ఒకే రకం టెన్షన్, మోతాదు తేడా. ఉత్తర్వు రాసినవాళ్లు ఇద్దరినీ ఒకే పేజీలో పెట్టారు. మనవాళ్లు మాత్రం, మేం లీగల్, వాళ్లతో మాకేంటి అంటున్నారు. ఈ మాట నన్ను నిజంగా బాధపెడుతుంది.

బిడ్డ ఇప్పటికే అక్కడ పుట్టి ఉంటే బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఆగకుండా పాస్‌పోర్ట్ కూడా తీసుకోమనండి. కాన్పు ముందుంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగమనండి, గ్రూపుల్లో ఫార్వర్డులు చూసి డెలివరీ తేదీ మార్చుకోవద్దనండి. ఇంట్లో ఎవరైనా ఎఫ్-1 మీద యూనివర్సిటీలో టీఏగానో (టీచింగ్ అసిస్టెంట్) ఆర్‌ఏగానో (రీసెర్చ్ అసిస్టెంట్) ఉంటే అక్కడ గ్రాడ్యుయేట్ ఉద్యోగుల యూనియన్ ఉందేమో కనుక్కోమనండి. కాలిఫోర్నియా యూనివర్సిటీతో సహా చాలా చోట్ల అది కార్ల కార్మికుల యూనియన్ యూఏడబ్ల్యూకు అనుబంధంగా ఉంటుంది. యూనియన్‌లో చేరడానికి వీసా అడ్డు రాదు, చేరినందుకు వీసా పోదు.